వీఎస్‌డీ మూసిన తరువాత ఈసీజీలో బ్లాక్: ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

మీరు రాసిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే పరిస్థితిలో ఉన్న ఇతర తల్లిదండ్రులకు కూడా అర్థమవుతుంది. మీ పాపకు 5 ఏళ్లు. గుండె కింది గదుల మధ్య గోడలో ఉన్న రంధ్రాన్ని (పెరిమెంబ్రేనస్ రకం వీఎస్‌డీ) 3 వారాల క్రితం ఛాతీ తెరిచి, ప్యాచ్ కుట్టి మూశారు. ఆ రాత్రే గుండె వేగం పడిపోవడంతో రెండు రోజులు బయటి పేస్‌మేకర్ మీద ఉంచారు, మూడో రోజుకు పాప సొంత లయ తిరిగి వచ్చింది. డిశ్చార్జి కాగితంలో 'రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్' అని ఉంది. ఇంట్లో ఆక్సీమీటరు పెట్టి చూస్తే పగలు 125 దాకా, నిద్రలో 70 దాకా అంకెలు మారుతున్నాయి. ఛాతీ కోయకుండా రక్తనాళం గుండా పెట్టే 'బటన్' డివైజ్ వేయించి ఉంటే ఇవేవీ వచ్చేవి కావని బంధువులు అంటున్నారు. పాపకు శాశ్వత పేస్‌మేకర్ అవసరమవుతుందేమోనన్నది మీ భయం.

పిల్లల గుండె జబ్బుల వైద్యంలో చాలాకాలంగా ఉన్నవాడిగా నా అభిప్రాయం ఇది. కాగితం మీద మిమ్మల్ని భయపెట్టిన రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఒక్కటే అయితే దాని గురించి ఆందోళన పడనవసరం లేదు. మీరు ఒక్క వాక్యంలో దాటవేసిన ఆ రెండు రోజుల పేసింగే ముఖ్యమైన విషయం. ఇప్పుడు దానికి చేయవలసిన చికిత్స ఏమీ ఉండకపోవచ్చు. అయినా పాప పెద్దదయ్యే వరకు, ఆ తరువాత కూడా, ఆమెను చూసే ప్రతి వైద్యునికీ తెలిసి ఉండవలసిన సంగతి అదే.

కారణం తెలియాలంటే ఆ రంధ్రం ఎక్కడ ఉందో తెలియాలి. గుండె కొట్టుకోవడానికి కావలసిన విద్యుత్ సంకేతం పై గదిలో, కుడి కర్ణికలోని సైనస్ నోడ్‌లో పుడుతుంది. పై గదుల నుంచి కింది గదులకు అది దిగడానికి మామూలుగా ఒకే ఒక దారి ఉంది. పై, కింది గదుల మధ్య కూడలి అయిన ఏవీ నోడ్ దగ్గర క్షణకాలం నెమ్మదించి, హిస్ బండిల్ అనే సన్నని కట్ట గుండా గోడలోకి ప్రవేశించి, అక్కడ కుడి, ఎడమ శాఖలుగా చీలుతుంది. పెరిమెంబ్రేనస్ వీఎస్‌డీలో ఈ కట్ట సరిగ్గా రంధ్రం వెనుక, కింది అంచును ఆనుకుని పోతుంది. గోడలో కనిపించకుండా పోతున్న కరెంటు తీగ పక్కనే మేకు కొట్టవలసి వచ్చినప్పుడు ఎంత జాగ్రత్త కావాలో, ఆ అంచున కుట్టు వేసేటప్పుడు సర్జనుకు అంత జాగ్రత్త కావాలి. అందుకే అక్కడ కుట్లను అంచు మీద కాకుండా కొన్ని మిల్లీమీటర్లు ఎడంగా, కుడి వైపున, లోతుకు పోకుండా వేస్తారు. కొన్నిచోట్ల కుడి వైపు పై, కింది గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటపు రెక్కనే ఆధారంగా చేసుకుంటారు. అంత జాగ్రత్త తీసుకున్నా సూది చుట్టూ కణజాలం వాస్తుంది, కొంచెం రక్తం చిమ్ముతుంది, ప్యాచ్ లాగుతుంది. కట్ట తెగకపోయినా ఆ వాపు వల్ల కొన్ని రోజులు పనిచేయకుండా పోవచ్చు. మీ పాపకు జరిగింది ఇదేనని, సొంత లయ మూడో రోజుకే తిరిగి రావడాన్ని బట్టి అనుకోవచ్చు.

ఇదే వీఎస్‌డీ మరోచోట ఉంటే ప్రమాదం ఇంత ఉండదు. పుపుస ధమని కవాటం కింద ఉండే రకంలో రంధ్రానికీ కట్టకూ మధ్య సాధారణంగా కండర పట్టీ ఒకటి అడ్డుగా ఉంటుంది. గోడ కింది భాగంలోని కండరాల మధ్య ఉండే రంధ్రాలు కట్టకు దూరంగా ఉంటాయి. కాబట్టి పక్కింటి పిల్లవాడికి వీఎస్‌డీ మూసినా ఏ ఇబ్బందీ రాలేదన్న పోలిక, ఆ రంధ్రం ఏ రకమో తెలియనిదే పనికిరాదు.

రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ అంటే, గోడలో కుడి వైపు దిగే శాఖలో సంకేతం ఆగి, ఎడమ శాఖ ద్వారా వచ్చిన సంకేతమే కాస్త ఆలస్యంగా కుడి జఠరికకు, అంటే కుడి కింది గదికి, చేరడం. పెద్దవాళ్లకు రక్తనాళాల్లో వచ్చే అడ్డంకులతో దీనికి ఏ సంబంధమూ లేదు, స్టెంటు ప్రసక్తి అసలే లేదు. వీఎస్‌డీ ఆపరేషన్ తరువాత ఇది చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది. వెనకటి రోజుల్లో కుడి జఠరికను కోసి రంధ్రాన్ని చేరేవారు కాబట్టి ఇంకా ఎక్కువగా ఉండేది, ఇప్పుడు కర్ణిక ద్వారా, కవాటం లోపలి నుంచి మూస్తున్నా కుడి శాఖ దగ్గర కుట్లు పడుతూనే ఉన్నాయి. 4 ఏళ్లు దాటిన పిల్లల్లో ఈసీజీలోని క్యూఆర్ఎస్ (కింది గదుల్లో సంకేతం పాకడాన్ని చూపే గీత) వెడల్పు 100 మిల్లీసెకన్లు దాటి, ఆకారం తగినట్టు ఉంటే దీన్ని పూర్తి బ్లాక్ అంటారు. ఈ మార్పు జీవితాంతం ఉండిపోవచ్చు. దీని వల్ల పాప పరుగుకు, చదువుకు, ఎదుగుదలకు ఆటంకం ఉండదు, ఇది ఒక్కటే ఉన్నప్పుడు మందు కూడా అక్కర్లేదు. ఇక్కడ మరో మాట చెప్పాలి. జిల్లా కేంద్రాల్లోని చాలా ఈసీజీ యంత్రాలు కాగితం పైభాగాన తమంతట తామే ఒక తీర్పు ముద్రిస్తాయి, ఆ తీర్పు తరచు పెద్దవాళ్ల కొలతలకు సరిపోయేది. దాన్ని చదివి రాత్రంతా నిద్ర మానుకున్న తల్లిదండ్రులను చాలామందిని చూశాను. ఆ ముద్రిత వాక్యాన్ని పక్కన పెట్టి, గీతలను పిల్లల గుండె వైద్యునికి చూపించండి.

ఇప్పుడు ఆ రెండు రోజుల సంగతి. పై గదుల సంకేతం ఒక్కటి కూడా కిందికి దిగకపోవడాన్ని పూర్తి ఏవీ బ్లాక్ అంటారు. అప్పుడు కింది గదులు తమ సొంత, నెమ్మదైన లయతో కొట్టుకుంటాయి, ఆ లయ నమ్మదగినది కాదు. అందుకే ఆపరేషన్ ముగించే ముందు సర్జన్లు గుండె ఉపరితలం మీద సన్నని పేసింగ్ వైర్లు కుట్టి, వాటి కొనలను చర్మం బయటికి తీసి ఉంచుతారు. మీ పాపను కాపాడినవి ఆ వైర్లే. వీటికి ముందటి కాలం ఎలా ఉండేదో తెలిస్తే విలువ అర్థమవుతుంది. 1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో వాల్టన్ లిల్లెహై బృందం వీఎస్‌డీలను గుండె తెరిచి మూయడం మొదలుపెట్టినప్పుడు, పూర్తి బ్లాక్ వచ్చిన పిల్లలు దాదాపుగా బతకలేదు. 1957 మొదట్లో ఆయన గుండె కండరానికి తీగ కుట్టి, బయటి యంత్రంతో గుండెను నడిపించే పద్ధతి తెచ్చాడు. ఆ యంత్రం గోడకున్న ప్లగ్గు మీద ఆధారపడేది. అదే ఏడాది అక్టోబరు 31న మినియాపోలిస్‌లో కరెంటు పోవడంతో, ఎర్ల్ బాకెన్ అనే ఇంజనీరును అడిగి బ్యాటరీతో నడిచే చిన్న పేస్‌మేకర్ చేయించాడు. అంటే ఇప్పుడు లక్షలాది వృద్ధుల ఛాతీలో ఉన్న ఆ పరికరం చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపు, వీఎస్‌డీ మూసిన పిల్లలను కాపాడవలసిన అవసరం వల్లనే వచ్చింది.

ఈ రోజుల్లో అనుభవం ఉన్న కేంద్రాల్లో మరే గుండె లోపం లేని వీఎస్‌డీ మూసిన తరువాత శాశ్వతంగా నిలిచిపోయే పూర్తి బ్లాక్ నూటికి ఒకరి దగ్గర లేదా అంతకన్నా తక్కువగా ఉంటోంది. తాత్కాలికంగా వచ్చి పోయేవి అంతకన్నా ఎక్కువ. లయ తిరిగి వచ్చే పిల్లల్లో అత్యధికులకు అది మొదటి వారం, పది రోజుల్లోనే వస్తుంది. అందుకే 7 నుంచి 10 రోజులు గడిచినా బ్లాక్ అలాగే ఉంటే శాశ్వత పేస్‌మేకర్ పెట్టాలని పిల్లల లయ వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మూడో రోజుకే లయ వచ్చింది కాబట్టి మీ పాపకు ఆ అవసరం రాలేదు, ఇప్పుడు 'ముందుజాగ్రత్తగా' పెట్టించవలసిన పని కూడా లేదు.

అయితే ఒకసారి పూర్తిగా ఆగి తిరిగి వచ్చిన కట్ట, అసలు ఆగనే ఆగని కట్టతో సమానం కాదు. అలాంటి పిల్లల్లో కొద్దిమందికి నెలల తరువాత, కొన్నిసార్లు చాలా ఏళ్ల తరువాత బ్లాక్ మళ్లీ వస్తుంది. ఇది అరుదే, కానీ వచ్చినప్పుడు మొదటి లక్షణమే స్పృహ తప్పడం కావచ్చు. ఈ ప్రమాదం ఎవరికి కాస్త ఎక్కువో తెలుసుకోవడానికి ప్రస్తుత ఈసీజీలో రెండు విషయాలు చూస్తాం. మొదటిది పీఆర్ వ్యవధి, అంటే సంకేతం పై నుంచి కిందికి చేరడానికి పట్టే సమయం, అది పాప వయసుకు మించి పెరిగిందా అన్నది. రెండోది, కుడి శాఖతో పాటు ఎడమ శాఖలోని ముందు పాయ కూడా దెబ్బతిన్నదా అన్నది, దీన్ని ఈసీజీలో విద్యుత్ అక్షం (సంకేతం పాకే మొత్తం దిశ) ఎడమకు ఒరగడం బట్టి గుర్తిస్తాం. ఎడమకు ఒరిగిన అక్షం కొన్ని రకాల రంధ్రాల్లో పుట్టుకతోనే ఉంటుంది కాబట్టి, ఆపరేషన్‌కు ముందు తీసిన ఈసీజీ పక్కన పెట్టి చూడకుండా ఏమీ తేల్చకూడదు. కుడి శాఖ, ఎడమ ముందు పాయ రెండూ ఆపరేషన్ తరువాతే కొత్తగా ఆగి, దానికి తోడు తాత్కాలికంగా పూర్తి బ్లాక్ కూడా వచ్చి ఉంటే, ఆ బిడ్డను మామూలు కన్నా దగ్గరగా గమనించాలి. అలాంటి బిడ్డకు నేనైతే తొలి ఏడాదిలో ఒకటికి రెండుసార్లు 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించిన చిన్న యంత్రంతో రోజంతా ఈసీజీ నమోదు చేయడం) చేయిస్తాను.

కాబట్టి ఆసుపత్రి నుంచి మీరు అడిగి తెచ్చుకోవలసింది డిశ్చార్జి కాగితం ఒక్కటే కాదు. ఆపరేషన్‌కు ముందటి ఈసీజీ, బ్లాక్ ఉన్నప్పటిది, ఇంటికి పంపే రోజుది, ఈ మూడింటి నకళ్లూ తీసుకోండి. ఈసీజీ కాగితం వేడికి, వెలుతురుకు వెలిసిపోతుంది, అందుకని ఫోనులో ఫొటోలు కూడా తీసి ఉంచండి. బ్లాక్ ఎన్ని గంటలు ఉందో, పేసింగ్ ఎప్పుడు ఆపారో రాసి ఇమ్మని అడగడంలో తప్పు లేదు.

ఐసీయూలో 'జెట్' వచ్చిందని కొందరు తల్లిదండ్రులకు చెబుతారు. జంక్షనల్ ఎక్టోపిక్ టాకీకార్డియా అన్న పేరుకు ఇది పొట్టి రూపం. ఇది బ్లాక్‌కు వ్యతిరేక దిశలోని సమస్య. కట్ట దగ్గరి కణజాలం రెచ్చిపోయి నిమిషానికి 170 నుంచి 230 దాకా తనంతట తాను కొట్టించడం. సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల్లో వస్తుంది, పసిపిల్లల్లో, ఫాలట్స్ టెట్రాలజీ (పుట్టుకతో వచ్చే క్లిష్టమైన గుండె లోపం) వంటి వాటికి చేసే పెద్ద మరమ్మతుల తరువాత ఎక్కువ. జ్వరం తగ్గించి, ఒంటిని కొంచెం చల్లబరిచి, గుండెను రెచ్చగొట్టే మందులు తగ్గించి, మెగ్నీషియం, అమియోడరోన్ వంటివి ఇచ్చి గట్టెక్కిస్తారు. అది దాటిన పిల్లలకు తరువాత దాని జాడ మిగలదు.

ఇంట్లో మీరు చూస్తున్న అంకెల విషయానికి వస్తే, 5 ఏళ్ల పాపకు పగలు ఆటలో 125, గాఢ నిద్రలో 70 ఉండడం సహజం. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు వేగం పెరిగి, వదిలినప్పుడు తగ్గడం కూడా పిల్లల్లో ఆరోగ్య లక్షణమే. వేలికి పెట్టే ఆక్సీమీటరు, చెయ్యి కదిలితే తప్పుడు అంకె చూపుతుంది. అనుమానం వస్తే పాప నెమ్మదిగా కూర్చున్నప్పుడు మోచేతి మడత దగ్గర నాడి పట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రోజుకు పదిసార్లు మాత్రం వద్దు. అది మీ ఆందోళనను పెంచుతుంది, పాపకు కూడా తాను రోగినన్న భావన కలిగిస్తుంది.

మూడు వారాల దశలో ఒక ప్రత్యేక కారణాన్ని మరిచిపోకూడదు. పాప విశ్రాంతిగా ఉన్నా, నిద్రపోతున్నా వేగం అంతకు ముందు కన్నా ఎక్కువగా నిలిచిపోతే, దానితో పాటు జ్వరం, ఛాతీ నొప్పి, చిరాకు, ఆకలి మందగించడం, వాంతులు ఉంటే గుండె చుట్టూ నీరు చేరిందేమో చూడాలి. ఛాతీ తెరిచిన ఆపరేషన్ తరువాత మొదటి వారం నుంచి ఆరు వారాల లోపు ఇలా జరగవచ్చు. ఇది లయ జబ్బు కాదు, కానీ మొదట లయ రూపంలోనే కనిపిస్తుంది, ఎకో చేస్తే తెలిసిపోతుంది, సమయానికి చూస్తే మందులతో తగ్గుతుంది. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటి లక్షణాలుంటే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. రక్తహీనత, నీళ్ల విరేచనాల తరువాత ఒంట్లో నీరు తగ్గడం, జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్ సిరప్పులు కూడా వేగాన్ని పెంచుతాయి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్రూసెమైడ్ ఇంకా వాడుతుంటే రక్తంలో పొటాషియం ఒకసారి పరీక్ష చేయించండి. పాప మందుల్లో డిగాక్సిన్ గానీ, ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్ గానీ ఉంటే, పూర్తి బ్లాక్ వచ్చి తగ్గిన సంగతి గుర్తు చేసి, అది ఇంకా అవసరమా అని మీ వైద్యుణ్ణి అడగండి. ఈ రెండు రకాల మందులూ ఏవీ నోడ్‌ను నెమ్మదింపజేస్తాయి. మీకై మీరు మాత్రం ఆపవద్దు.

బటన్ వేయించి ఉంటే బాగుండేదన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఛాతీ కోత లేకుండా, తొడ దగ్గరి రక్తనాళం గుండా పోయి డివైజ్‌తో మూయడం నిజంగానే గొప్ప సౌకర్యం, తగిన రంధ్రానికి అది మంచి మార్గం. కానీ లయ విషయంలో పెరిమెంబ్రేనస్ వీఎస్‌డీకి డివైజ్ సురక్షితమని, ఆపరేషన్ ప్రమాదమని అనుకోవడం సరికాదు. 2000 దశకంలో ఈ రంధ్రం కోసమే తయారైన మొదటి తరం ఆంప్లాట్జర్ డివైజ్‌తో కొన్ని ఆసుపత్రుల అనుభవంలో నూటికి 5 మంది దాకా పూర్తి బ్లాక్ వచ్చింది. ఆ కారణంగానే చాలా దేశాల్లో వైద్యులు దాని నుంచి వెనక్కి తగ్గారు. కుట్టు వేసిన గాయం వాపు తగ్గాక మానుతుంది, లోహపు అల్లిక మాత్రం అక్కడే ఉండి రెండు పక్కల నుంచి కట్టను ఒత్తుతూనే ఉంటుంది. పరిమాణం పెద్దదైతే, పిల్లవాడు చిన్నవాడైతే ఆ ఒత్తిడి మరింత. ఇప్పుడు వాడుతున్న మెత్తని అల్లిక గల డివైజ్‌లతో ఈ సమస్య చాలా తగ్గింది, అయినా పూర్తిగా పోలేదు. పైగా డివైజ్ పిల్లల్లో బ్లాక్ ఎక్కువగా మొదటి వారంలో వచ్చినా, అన్నీ సవ్యంగా ఉన్న బిడ్డకు నెలల, ఏళ్ల తరువాత వచ్చిన సందర్భాలూ నమోదయ్యాయి. తొలి రోజుల్లో వస్తే స్టెరాయిడ్లు ఇచ్చి చూస్తారు, తగ్గకపోతే డివైజ్‌ను ఆపరేషన్‌తో తీసివేయవలసి రావచ్చు.

డివైజ్ వేయించిన పిల్లల తల్లిదండ్రులు ఈసీజీలో ప్రత్యేకంగా అడగవలసింది లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ గురించి. కుడి శాఖ విషయంలో నేను చెప్పిన ధైర్యం దీనికి వర్తించదు. ఎడమ శాఖ కొత్తగా ఆగితే ఎడమ జఠరిక గోడలు ఒకేసారి ముడుచుకోవు, కొందరిలో కాలక్రమేణా ఆ గది సాగి బలహీనపడుతుంది, కొందరిలో అది పూర్తి బ్లాక్‌కు ముందు మెట్టు అవుతుంది. అలా కనిపించినప్పుడు పిల్లవాడు హుషారుగా ఉన్నాడు కదా అని వదిలేయకూడదు.

పై గదుల మధ్య రంధ్రమైన ఏఎస్‌డీ విషయం వేరు. అక్కడ మూసిన తరువాత కనిపించేవి ఎక్కువగా పై గదుల నుంచి వచ్చే అదనపు స్పందనలు, అవి కొన్ని వారాల్లో తగ్గుతాయి. పెద్ద డివైజ్ ఏవీ నోడ్‌ను నొక్కితే బ్లాక్ రావచ్చు, కానీ అరుదు. సైనస్ వీనోసస్ రకంలో (రంధ్రం పై గదిలోకి పెద్ద సిర కలిసే చోట ఉంటుంది) కుట్లు సైనస్ నోడ్ సమీపంలో పడతాయి కాబట్టి వేగం మందగించవచ్చు. ఇంకొక విషయం మాత్రం అడిగి తీరాలి. ఇంట్లో ఒకరికన్నా ఎక్కువమందికి ఏఎస్‌డీ ఉన్నా, నడివయసులోనే పేస్‌మేకర్ పడినవారు, హఠాత్తుగా చనిపోయినవారు ఉన్నా, ఎన్‌కేఎక్స్2-5 అనే జన్యువులో మార్పు ఉండవచ్చు. అలాంటి కుటుంబాల్లో బ్లాక్ రంధ్రం మూయడం వల్ల కాదు, మూసినా మూయకపోయినా వయసుతో పెరుగుతుంది.

మీ పాపకు ఇక ముందు ఏం చేయాలంటే, మొదటి ఏడాదిలో మీ ఆసుపత్రి చెప్పిన ప్రతి తేదీకీ వెళ్లండి, తరువాత ఏడాదికి ఒకసారైనా ఈసీజీ తీయించండి. మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాల కింద దూరపు నగరంలో ఆపరేషన్ చేయించుకున్న పిల్లలు, ఒళ్లు చేసి, బడికి పోతుంటే ఇక అవసరమేముందని తిరిగి రావడం మానేస్తారు. ప్రయాణం కష్టమైతే దగ్గరి ఆసుపత్రిలోనే ఈసీజీ తీయించి, ఫొటో పంపి అభిప్రాయం అడగండి. ఆ సౌకర్యం ఇవ్వడానికి చాలామంది పిల్లల గుండె వైద్యులు ఒప్పుకుంటారు.

ఏ కారణం లేకుండా, ముఖ్యంగా పరిగెత్తుతూ ఉండగా, కళ్లు తిరిగి పడిపోయినా, మెలకువలో నాడి నిలకడగా 60 కన్నా తగ్గినా, ఆడుకునే పాప ఉన్నట్టుండి నీరసించి, పాలిపోయి, మెట్లెక్కడానికి కూడా ఇష్టపడకపోయినా, అదే రోజు ఈసీజీ తీయగల ఆసుపత్రికి వెళ్లండి. మూర్ఛ అనుకుని మందులు మొదలుపెట్టించకుండా, గుండె ఆపరేషన్ జరిగిందని, తాత్కాలికంగా పూర్తి బ్లాక్ వచ్చి తగ్గిందని మొదటే చెప్పండి.

ఒకవేళ ఎప్పుడైనా పేస్‌మేకర్ అవసరమైనా, చిన్నపిల్లల్లో దాని తీగలను సాధారణంగా గుండె పైపొర మీద కుట్టి, బ్యాటరీ పెట్టెను పొట్ట గోడలో అమరుస్తారు. వయసు, బరువు పెరిగిన పిల్లల్లో రక్తనాళం గుండా తీగ పంపి ఛాతీ దగ్గర పెట్టవచ్చు. బ్యాటరీ కొన్నేళ్లకొకసారి మార్చవలసి వస్తుంది. దెబ్బ తగిలే ఆటలు తప్ప మిగతా బడి జీవితం మామూలుగానే సాగుతుంది. మీ ప్రస్తుత ఈసీజీలో పీఆర్ వ్యవధి, అక్షం ఎంతెంత ఉన్నాయో రాస్తే, హోల్టర్ ఎప్పుడు చేయించడం మంచిదో ఇంకా కచ్చితంగా చెప్పగలను.